చెంప మన్ను

“చేతులు తీయండి!” అంది లెక్చరర్ ప్రసన్నకుమారి.

శిల్పం చివరి ఏడాది పిల్లలంతా మట్టికి దూరంగా జరిగారు. ప్రాక్టికల్ ముగిసింది. చెన్నై నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మార్కులు వేసేదాకా విద్యార్థులెవరూ బొమ్మను తాకకూడదు. తాకితే సున్నా.

ఇచ్చిన అంశం ఒక్కటే: తల. ఫోటో చూడకుండా చేయాలి. భానుశ్రీ చేసింది మనిషి తలకు రెండింతలు ఉంది. పెద్ద కళ్లు, బిగించిన పెదాలు.

“ఇప్పుడే నోరు తెరిచి తిట్టేటట్టుండాదే,” అంది పక్కబల్ల రంగప్రియ.

“తిడతాది,” అంది భానుశ్రీ. ఫోన్ మోగింది. “నాయనా, వచ్చేసినారా? మెట్లెక్కి కుడిపక్కకు రాండి. బిన్నా రాండి, ఆలస్యమైతాది!”

“ఎవురే?”

“అవ్వ వచ్చింది. నాయన పిల్చుకొచ్చినాడు.”

రంగప్రియ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ అవ్వ సంగతి క్లాసంతా విన్నదే. భానుశ్రీకి హైదరాబాదులో పై చదువుకు సీటు వచ్చింది. చేరాలంటే అవ్వ రాఘవమ్మ ఒప్పుకోవాలి. పలమనేరు దగ్గర వాళ్లింట్లో ఆవును అమ్మాలన్నా, టమోటా నారు పోయాలన్నా ఆమె మాటే మాట. “మట్టి పిసికే సదువు నాలుగేండ్లు సాల్దా? వచ్చి సూస్తా. సూసినాంక సెప్తా,” అని బస్సెక్కింది.

మెట్ల మీదనుంచే గొంతు వినపడింది.

“ఇన్ని మెట్లు కట్టినోడి సెయ్యి ఇరగా! ఏమ్మే పాపా, యాడుండావు?”

“ఈడుండా అవ్వా!”

లోపలికొచ్చిన రాఘవమ్మ జుట్టంతా బస్సు గాలికి రేగి ఉంది. రంగప్రియ ఫోన్ కెమెరా తిప్పి ముందుకు చాపింది. “ఇందులో సూసి దువ్వుకో అవ్వా.”

“మా ఆయప్ప పోయిన పొద్దే అద్దమూ బొట్టూ రెండూ ఇడిసిపెట్టినా. జరుగు పక్కకు.”

జరిగిన రంగప్రియ వెనక భానుశ్రీ బల్ల ఉంది. రాఘవమ్మ దాని మీది బొమ్మను చూసింది. చేతిసంచీ కింద పెట్టింది. రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

“గంగమ్మ తల్లీ!”

“అవ్వా, అది...”

“నోరు మూయ్. తల్లి ముందర మాటకు మాట సెప్తావా?”

వెనకే వచ్చిన భానుశ్రీ తండ్రి గోవిందు గడప దగ్గరే నిలబడిపోయాడు. ఆ తలను చూశాడు. చెప్పులు విడిచాడు. లోపలికి మాత్రం రాలేదు.

“ఎప్పుడు చేసినావు పాపా దీన్ని?” అన్నాడు.

“ఈ వారంలోనే నాయనా. బాగుండాదా?”

గోవిందు తల ఊపాడు.

“తల్లికి బొట్టేదే?” అంది రాఘవమ్మ.

“వద్దవ్వా. ఈమెకు బొట్టుండదు.”

“బొట్టు లేని గంగమ్మ యాడుందే?” దారిలో గుళ్లో ఇచ్చిన కుంకుమ పొట్లం సంచీలోంచి తీసింది. ప్రసన్నకుమారి వైపు తిరిగింది. “మేడమ్మా, నేను పెట్టగూడదు. నీ మెడలో తాళుండాది. నువ్వు పెట్టు.”

కుదరదంటుందని అంతా ఎదురుచూశారు. ప్రసన్నకుమారి బొమ్మ వైపు చూసింది. రాఘవమ్మ వైపు చూసింది. మళ్లీ బొమ్మ వైపు చూసింది.

“రూలు విద్యార్థులకే,” అని బొటనవేలితో నొసట బొట్టు పెట్టింది.

ఇంతలో రాఘవమ్మ చెయ్యి చాపి బొమ్మ ఎడమ చెంప నుంచి ముద్ద తీసేసింది.

“అవ్వా!”

“ఏమే అరుస్తావు? తిరపతి జాతర కడపటి పొద్దు గంగమ్మ సెంప తీసి మన్ను పంచరా? ఈ తల్లి మన్ను నా మోకాళ్లకు కావాల.” రవంత నాలుక మీద వేసుకుంది. మిగిలింది కొంగున ముడేసుకుంది.

చెంపలో గుంట పడింది. నాలుగు వేళ్ల గుర్తులు తెలుస్తున్నాయి. బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది.

“పాయె,” అంది రంగప్రియ.

ఎక్స్‌టర్నల్ బాలసుబ్రమణ్యం ఒక్కో బల్లా దాటుకుంటూ వచ్చి అక్కడ ఆగాడు. భానుశ్రీ చేతులు వెనక్కి కట్టుకుంది.

“ఇదంతా నువ్వు చేసిందేనా?”

“చెంప కాదు సార్. బొట్టు కూడా కాదు.”

“చెంప ఎవరు?”

“నేనే తీసినా,” అని రాఘవమ్మ కొంగుముడి విప్పి చూపించింది. “అందరికీ పెట్టేదే కదప్పా. నీకూ కావాల్నా?”

ఆయన మన్ను తీసుకోలేదు. ఆమెనే చూశాడు. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, మళ్లీ ఆమెను చూశాడు.

“కొంచెం దాని పక్కన నిలబడతారా అమ్మా?”

రాఘవమ్మ కొంగు సర్దుకుని నిలబడింది. ఆయన ఫోటో తీసుకున్నాడు.

“ఈ గుంట పూడ్చొద్దు,” అన్నాడు ప్రసన్నకుమారితో. “బట్టీలో పెట్టే ముందు లోపల తొలుస్తారు కదా, అప్పుడు కూడా వేలిగుర్తులు చెరగకూడదు.” మార్కు వేసి తర్వాతి బల్లకు వెళ్లాడు.

ప్రసన్నకుమారి ఆ అంకె చూసింది. “భానూ,” అంది, “నేను పాఠం చెప్పడం మొదలుపెట్టినాక ఇంత ఎవరికీ పడలేదు!”

రంగప్రియ కేక పెట్టింది. వెనక బల్లలవాళ్లు చప్పట్లు కొట్టారు. భానుశ్రీ మట్టి చేతులతోనే అవ్వను వాటేసుకుంది.

“సీర! నా సీర!” అని విదిలించుకుని రాఘవమ్మ కొడుకు వైపు తిరిగింది. “గోయిందా, పాపను హైదరాబాదు పంపు. తల్లిని జేసే సెయ్యి. ఆపినామంటే కండ్లు పోతాయి.”

“సరేమ్మా,” అన్నాడు గోవిందు. కళ్లు తుడుచుకున్నాడు.

రాఘవమ్మ సంచీ ఎత్తుకుని గడప దాకా పోయి, తిరిగి బొమ్మను చూసింది.

“అవునే, ఇది ఏ ఊరి గంగమ్మ? యాడో సూసినట్టుండాది.”

భానుశ్రీ ఆ బొట్టు వైపు చూసింది.

“నువ్వే అవ్వా.”