రాసినవాడే చదవాలి

వంటింట్లో ఫ్రిజ్ తలుపు తెర మీద పిల్లల కోర్టు వెలిగింది. "తన్వితా, నిన్ను వెక్కిరిస్తూ పెట్టిన నలభై పోస్టుల్నీ ఈ క్షణమే అన్ని ఫోన్లలోంచీ చెరిపేస్తాం. లేదంటే రాసినవాడు మీ ఇంటికొచ్చి నీ ఎదుట చదవాలి. ఏది కావాలి?"

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న తల్లి గాభరాపడింది. "చెరిపెయ్యమను బిడ్డా. అందరు గదే అడుగుతరు. వాడకట్టంత ఇంటే ఇజ్జత్ పోతది."

"పొయ్యేది నా ఇజ్జత్ కాదమ్మా. వాన్ని రమ్మను" అంది ఎనిమిదో తరగతి తన్విత.

మర్నాడు పొద్దున క్లాస్‌మేట్ రిత్విక్ తండ్రి వెంట వచ్చి, గడప బయట తలదించుకుని మొదటి పోస్టు చదవడం మొదలుపెట్టాడు.

"మాడిన రొట్టె మొఖం..." ఆపైన గొణిగాడు.

తల్లి లేచి, లోపల్నుంచి తన అత్తను నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

"గట్టిగ చదువు బిడ్డా. మా అత్తకు చెవులు సరిగ్గ ఇనవడయ్."