ముందు గుక్క

పాప నోటి దాకా వెళ్ళిన మందు గ్లాసు వెనక్కి వచ్చింది. మార్తమ్మ అందులోంచి ముందు తానొక గుక్క తాగింది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ విశాలాక్షి చూడనే చూసింది.

"ఇదేం పని మార్తమ్మా? పిల్లకి ఎంగిలి మందు పోస్తావా?"

"అలవాటు బిడ్డా. చెయ్యి ఆగది."

పాప మాత్రం ఆ మిగిలిన ఎర్ర మిక్చరు గుటుక్కున మింగేసింది. తల్లి పోసినా, తండ్రి పోసినా పొద్దుట్నుంచీ ఉమ్మేసింది ఆ పిల్లే.

"పోనీలేవే, తాగిందిగా" అన్నాడు సుందరరావు పేపరు చాటు నుంచి.

"మీకేం, మీరలాగే అంటారు."

విశాలాక్షి ఊరుకునే మనిషా? భర్త ఉద్యోగం కోసం ఏలూరు నుంచి తార్నాక వస్తూ, మడీ ఆచారం కూడా పెట్టెలో సర్దుకుని తెచ్చుకున్న ఇల్లాలు.

అరవై ఏడు చలికాలం అది. పెరటి గది మార్తమ్మకు అద్దెకిచ్చి ఎన్నాళ్ళో కాలేదు. గోదారి ఒడ్డున కోయగూడేల్లో, మిషన్ వాళ్ళ ఆసుపత్రిలో పనిచేశానంది. ఒంట్లో బాగాలేక పట్నంలో చూపించుకోవడానికి వచ్చానంది. ఏం పనో చెప్పలేదు. ముతక చీర, అరిగిన చెప్పులు చూసి ఆయా అయ్యుంటుందిలే అనుకుంది విశాలాక్షి. అడగాలని తోచనే లేదు.

మధ్యాహ్నాలు పాపను ఒళ్ళో వేసుకుని మార్తమ్మ అడవి కబుర్లు చెప్పేది. ఇప్పపూలు రాలే చప్పుడు, వాగు మీద వెన్నెల, పొగమంచులో దారి తప్పిన ఎడ్లు. వింటూ వింటూ విశాలాక్షి కూడా బియ్యం చేట ముందు అలాగే కునికేది. మౌలాలి గుట్ట మీంచి వచ్చే గాలికి ఆ కాసేపూ అడవి వాసన వేసేది.

అయినా ఎంగిలి ఎంగిలే.

"వేరే గది చూసుకో" అనేసింది ఆ సాయంత్రమే.

మార్తమ్మ పాప నుదురు తడిమి చూసింది.

"మందు మాన్పించకు బిడ్డా. మధ్యల ఆపితే జ్వరం ముదురుతది."

తెల్లారి రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి పాప మందు ముడితే ఒట్టు. పళ్ళు బిగించి మొహం తిప్పేసేది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. కళ్ళు మూసుకునే కలవరిస్తోంది.

"మార్తమ్మ పోయాలి."

విశాలాక్షి ఇక ఎంగిలైనా సరే, బిడ్డ దక్కితే చాలనుకుంది. పాపను సుందరరావుకి అప్పగించి, తెల్లవారుతూనే యూనివర్సిటీలోకి నడిచింది. మార్తమ్మను చూడటానికి వచ్చిపోయే సమ్మయ్య అనే కోయ కుర్రాడు అక్కడి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఆమె ఎక్కడికి వెళ్ళిందో తెలిస్తే అతనికే తెలియాలి.

మంచులో ఆర్ట్స్ కాలేజీ నేలకు ఆనకుండా తేలుతున్నట్టుంది. చెట్ల మధ్య దారి ఎటు పోతోందో తెలియడం లేదు. నడుస్తోందో, కలే కంటోందో ఆమెకే అర్థం కాలేదు.

హాస్టల్ మెట్ల మీద సమ్మయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"బాబూ, మార్తమ్మ ఎక్కడుంది? పాప మందు తాగడం లేదు. ఆవిడ పోస్తేగానీ తాగదు."

"ముందు మీరే ఒక గుక్క తాగున్రి అమ్మా. పాప తాగుతది. మా గూడెంల మేం గట్లనే తాగినం."

"మీరా?"

"మందంటే విషమని మాకు భయం. ఇచ్చేటోళ్ళు ముందు తాగి చూపియ్యాలె, అప్పుడే మేం తాగుతమన్నరు మా పెద్దోళ్ళు. ఇగ ఎవలకు పోసినా ముందు ఆమె తాగింది. సూది గూడ ముందు ఆమెనే పొడుచుకున్నది. నేను బతికింది గట్లనే."

విశాలాక్షి సిగ్గుతో చితికిపోయింది.

"ఆవిణ్ణి మా ఇంటికి తీసుకుపోతాను. కాళ్ళు పట్టుకుంటాను. పద బాబూ, చూపించు."

సమ్మయ్య లేవలేదు.

తనకు లేని రోగాలన్నిటికీ ఏళ్ళ తరబడి మందులు తాగి తాగి ఒళ్ళు గుల్ల చేసుకున్న ఆ డాక్టరమ్మ, నిన్న సాయంత్రమే కన్నుమూసిందని తల వంచుకుని చెప్పాడు.