సగం మీగడ

"మీ మోహన్ రక్తంలో కొవ్వు చాలా ఎక్కువుందమ్మా," అంది డాక్టరమ్మ, గాజువాక బడి వరండాలో. "తొంభై మూడులో ఇక్కడే పరీక్షలు చేశాను. అప్పుడు వెతికినా ఇలాంటి పిల్లలు దొరకలేదు. పదేళ్లు తిరిగేసరికి ప్రతి క్లాసులోనూ ఉన్నారు."

తోడికోడలు సన్యాసమ్మ ముఖం మాడిపోవడం చూసి నూకరత్నం కడుపు చల్లబడింది. ఉమ్మడి వంటింట్లో పాలమీద మీగడంతా ఈవిడ తన కొడుకు మోహన్ కంచంలోనే వేసేది. నూకరత్నం కొడుకు గోపికి ఏనాడూ పల్చటి మజ్జిగే.

"తిన్న మీగడ ఊరికే పోతాదేటక్కా? రక్తంలో తేలింది," అంది నూకరత్నం, వరండా అంతా వినపడేలా.

ఆపైన డాక్టరమ్మ వైపు తిరిగింది.

"మా గోపికి ఏటీ ఉండదు లెండి. ఆడికి మజ్జిగే గతి."

"గోపికీ అంతే ఉందమ్మా," అంది డాక్టరమ్మ.

"ఎలాగుంటాది? ఆడికి మీగడ ఎవులెట్టారు?"

పక్కనే నిలబడ్డ గోపి తల దించుకున్నాడు. "అన్నియ్య రోజూ సగం నాకెట్టీవోడమ్మా. నీకు సెప్తే పెద్దమ్మతో తగువాడతావని సెప్పనేదు."

తన మాట తిరిగి తనకే తగులుతుందని నూకరత్నం బిగుసుకుని నిలబడింది.

సన్యాసమ్మ ఆమె వైపు చూడనే లేదు.

"మా పిల్లలిద్దరికీ ఇకనుంచి ఏటెట్టమంటారు డాక్టరమ్మా?" అంది.