కూర్చోనివ్వని పట్టీ

చెల్లెలు మంగతాయారు శవం పక్కన కూర్చుందామని వంగబోతే, సుందరమ్మ మోకాలి పట్టీ బిగుసుకుపోయింది. "నేల మీద కూర్చోకూడదండీ. మీ ఫిజియోథెరపీ అంతా వృథా అవుతుంది," అంది పట్టీ తియ్యగా.

ఊళ్లో ఇప్పుడు ఇలాంటి మాట్లాడే పట్టీ లేని మోకాలు లేదు. అందుకే ఆ చావింట్లో ఆడవాళ్లంతా బస్సు కోసం నిలబడ్డట్టు గోడవారన నిలబడి ఏడుస్తున్నారు.

"నా చెల్లెలి పక్కన కూర్చోడానికి నిన్నడగాలటే?"

"కుర్చీ తెప్పించుకోండి," అంది పట్టీ.

"అది నేల మీద పడుంటే నేను కుర్చీ ఎక్కి కూర్చోవాలా?"

సుందరమ్మ విసవిసా వంటింట్లోకి పోయి, కత్తెర తెచ్చి, పట్టీని కత్తిరించి అవతల పారేసింది. మోకాలు భగ్గుమంది. పంటి బిగువున కూలబడి, చెల్లెలి తల ఒళ్లోకి తీసుకుంది.

గోడవారనుంచి మంగతాయారు తోడికోడలు చెయ్యి చాపింది.

"అక్కా, ఆ కత్తెర ఇటివ్వు."