ప్రసంగం మధ్యలో

లీల మొగుడు జనార్దనరావుకి ప్రపంచంలో ఎవరినీ 'వద్దు' అనడం చేతకాదు. లీలని తప్ప.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు కుప్పకూలిపోకుండా కాపాడాడట! ఆదివారం ప్రార్థన తర్వాత పెట్టే బిర్యానీని మాత్రం ఒక్క ముసలాయన నుంచి కాపాడలేకపోయాడు.

మెల్‌బోర్న్ తెలుగు క్రైస్తవ సహవాసానికి జనార్దనరావు కార్యదర్శి. అంటే వంట లీలది.

ముసలాయన పేరు దేవదానం. ఎవరి తాలూకో ఎవరూ అడగలేదు. రైల్లో ఒంటరిగా వస్తాడు. వెనక వరసలో కూర్చుని అందరి తలలూ లెక్కపెడతాడు. ప్రసంగం మధ్యలో లేచి, రెండు డబ్బాల్లో బిర్యానీ నింపుకుని జారుకుంటాడు.

"మీరైనా చెప్పరేం?"

"పెద్దాయన లీలా. రెండు డబ్బాలేగా!"

"వాక్యం అక్కర్లేదు, బిర్యానీ కావాలి!"

ఆ ఆదివారం పాస్టరుగారు మంచి కాపరి గురించి చెబుతున్నారు. తొంభై తొమ్మిది గొర్రెల్ని విడిచి, తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి. సగం మంది కళ్లు తుడుచుకుంటున్నారు.

దేవదానం డబ్బాలతో గుమ్మం దాకా వచ్చాడు. లీల తలుపు మూసి అడ్డంగా నిలబడింది.

"అంకుల్, ఇదేమన్నా హోటలా, పార్సిల్ కట్టించుకెళ్లడానికి?"

"రైలుకి టైమైందమ్మా. అవతల ఎదురుచూస్తుంటారు."

"ఎవరు?"

"చెప్పొద్దన్నారమ్మా."

"బాగుంది! వాక్యం అయ్యేదాకా కూర్చోండి. భోజనం అందరితో పాటే."

ఆయన డబ్బాలు బల్ల మీద పెట్టేశాడు. చివరి ఆమెన్ దాకా కదల్లేదు. తినకుండానే వెళ్లిపోయాడు.

తర్వాత మూడు ఆదివారాలు రాలేదు. ఏమయ్యాడని అడిగినవాళ్లు లేరు. తలలు లెక్కపెట్టేది ఆయనొక్కడే మరి. లీల మాత్రం గమనించింది, బిర్యానీ మిగులుతోంది.

నాలుగో ఆదివారం తబిత వచ్చింది, నిండు గర్భంతో. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక ఇద్దరూ రావడం మానేశారు.

"తబితా! ఎన్నాళ్లకి! మీ ఆయనకి జాబ్ దొరికిందా?"

"ఈ ప్రశ్నకి భయపడే మానేశాం ఆంటీ."

లీల నవ్వు ఆగిపోయింది.

"దేవదానం అంకుల్ పోయారు. హార్ట్ ఎటాక్. గురువారం సమాధి చేశాం. చెప్పి వెళ్దామని వచ్చాను."

"అయ్యో, మాకు కబురే లేదు! ఎవరు దగ్గరుండి చేశారు?"

"మేమే. ఉద్యోగాలు పోయి, ఇక్కడ మొహం చూపించలేనివాళ్లం. ఆరుగురం. ఏ వారం ఎవరు రాలేదో చూసుకుని, ఆ ఇంటికి భోజనం తెచ్చేవారు. ఒకరోజు మాత్రం ఉత్త చేతులతో వచ్చి, 'ఇవాళ ఆలస్యమైంది తల్లీ' అన్నారు. తర్వాత నుంచి తనే వండి తెచ్చారు."

జనార్దనరావు తల దించుకున్నాడు. "మనకి తెలియదు కదా లీలా."

"తెలుసుకోలేదు." లీల గొంతు హాలంతా వినిపించింది. "తప్పు నాదండీ. గొర్రె కోసం బయల్దేరిన కాపరిని పట్టుకుని, కూర్చుని కాపరి గురించి వినమన్నాను."