మొదటి ముక్క

విజయకుమార్ గారి ఫ్యాక్టరీ మనిషి అట్టపెట్టె ఒకటి తెచ్చి వరండాలో దించి వెళ్లాడు. అందులో పది పీనట్ బటర్ డబ్బాలున్నాయి. వాటి మీది పేరు చూడగానే ప్రవీణ్ కుమార్‌కి ఒళ్లు మండిపోయింది.

"వీటిని మళ్లీ ఇంట్లోకి ఎందుకు రానిచ్చేవు?" అని భార్య మీద విరుచుకుపడ్డాడు.

"నేనే అడిగి తెప్పించేనండి. శనివారం వి.బి.ఎస్. ఆఖరి రోజు కదా. పిల్లలకి బ్రెడ్డు మీద రాసి పెట్టాలి," అంది ఝాన్సీ.

వేసవి సెలవుల్లో చర్చిలో జరిగే ఆ బైబిలు తరగతులకి నలభైమంది పిల్లలు వస్తున్నారు. వాళ్ల పిల్లలిద్దరూ అందులోనే ఉన్నారు.

నెల కిందట ఇదే డబ్బాని ఝాన్సీ ఏరికోరి కొంది. అమలాపురంలో సూపర్ మార్కెట్‌కి వెళ్లి, అరగంట నిలబడి, ఒక్కో డబ్బా తిప్పి వెనకున్న చిన్న అక్షరాలు చదివింది. ఒకదాంట్లో పంచదార. ఒకదాంట్లో పామాయిల్. ఒకదాంట్లో రెండూ. ఈ డబ్బా మీద మాత్రం 'వేరుశనగ గుళ్లు, ఉప్పు' అని రెండే మాటలున్నాయి. పైగా చేసేది తమ సంఘ పెద్ద విజయకుమార్ గారు, ఫ్యాక్టరీ రావులపాలెం దగ్గరే. పిల్లలకి ఇంతకంటే మంచిది ఏం దొరుకుతుందని సంబరపడి తెచ్చుకుంది.

నాలుగో రోజుకి మూడేళ్ల చిన్నాడు వాంతులతో వేలాడిపోయాడు. ఆసుపత్రిలో మూడు రోజులు సెలైన్ పెట్టారు. గుళ్లు బూజు పట్టినవి అయివుండొచ్చు గానీ ఖాయంగా చెప్పలేనన్నాడు డాక్టరు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఝాన్సీ ఆ డబ్బా పట్టుకెళ్లి విజయకుమార్ గారిని అడిగింది.

"పిల్లల్ని పెంచడం చేతకాక నా సరుకు మీద పడతావేంటమ్మా? మీవోడు వీధిలో ఏ గడ్డి తిన్నాడో కనుక్కో ముందు!" అన్నాడాయన, సంఘమంతా వింటూండగా.

చాలామంది నవ్వారు. ఆ నవ్వు ఝాన్సీ మరిచిపోలేదు. నరం దొరక్క నర్సు చిన్నాడి చేతిని నాలుగుచోట్ల పొడవడమూ మరిచిపోలేదు. ఆయన్ని అదే సంఘం ముందు దోషిగా నిలబెట్టేదాకా ఆమెకి అన్నం సహించేలా లేదు.

ప్రవీణ్ ఒక డబ్బా తిరగేసి అడుగున ఉన్న నంబరు చూశాడు.

"చిన్నాడు తిన్న సరుకే ఇది! షాపులవాళ్లు వెనక్కి పంపేసింది చర్చి పిల్లలకి దానం చేసేశాడన్నమాట."

"ఆయ్. వాళ్ల మనవల్ని కూడా శనివారం పంపించమని నేనే వెళ్లి పిలిచేను."

"ఝాన్సీ! ఆయన మీద కోపం పసిపిల్లల మీద చూపిస్తావా?"

ఝాన్సీ తలుపు దగ్గరికి వేసి, చెయ్యబోయేది చెప్పింది. ప్రవీణ్ ఆఖరికి సరేనన్నాడు.

శనివారం చర్చి హాలు నిండిపోయింది. పిల్లలు చాపల మీద వరసగా కూర్చున్నారు. వెనక కుర్చీల్లో తల్లిదండ్రులు. బల్ల మీద పది డబ్బాలూ పేర్చి ఉన్నాయి. ప్రవీణ్ బ్రెడ్డు కోసి ఇస్తుంటే ఝాన్సీ మందంగా రాసింది.

పాస్టరు గారు దాతని తెగ పొగిడారు. విజయకుమార్ గారు చేతులు కట్టుకుని వినయంగా విన్నాడు. నలభైమంది పసివాళ్ల చేతుల్లో ముక్కలు పెడుతుంటే నవ్వు మొహంతో చూస్తూ కూర్చున్నాడు. మనిషన్నవాడికి ఎక్కడో ఓ చోట గుండె కలుక్కుమంటుంది. ఆయనకి అదేమీ లేదు.

ప్రార్థన అయింది. ఆ సంఘంలో ఎప్పటినుంచో ఓ మర్యాద ఉంది. టిఫిను ఇచ్చినవాళ్ల ఇంటి పిల్లలు మొదటి ముక్క తినాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు.

"మనవల్ని పంపండి బాబాయిగారూ," అంది ఝాన్సీ.

"మావోళ్లు తినేసే వచ్చేరమ్మా. మీరు కానివ్వండి."

"మర్యాదకి ఒక్క ముక్కండి. వీళ్లంతా ఆకలి మీదున్నారు."

ఆరేళ్ల మనవడు అప్పటికే పరిగెత్తుకొచ్చి ముక్క అందుకుని కొరికాడు.

విజయకుమార్ గారు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. వాడి చేతిలో ముక్కని ఒక్క దెబ్బతో ఎగరగొట్టి, నోట్లో వేలు పెట్టాడు.

"ఉమ్మెయ్! ఉమ్మెయ్ రా!"

హాల్లో అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి.

"ఏమైందండీ?" అన్నారు పాస్టరు గారు.

"వీడికి... వేరుశనగ పడదండి."

"పడుతుందిగా తాతయ్యా," అంది మనవరాలు. "మామ్మ చేసింది రోజూ తింటున్నాంగా. ఫ్యాక్టరీది తినొద్దన్నావంతే."

తల్లులు ఒక్కసారిగా లేచి పిల్లల చేతుల్లోంచి ముక్కలు లాగేసుకున్నారు.

"మా పిల్లలైతే తినొచ్చేంటండీ?" అని ఒకావిడ అరిచింది.

"వాపసొచ్చిన సరుకండి... పొరపాటున..." అంటూ ఆయన గుమ్మం వైపు చూశాడు. గుమ్మానికి అడ్డంగా మగాళ్లు నిలబడ్డారు.

"మా చిన్నాడు ఏ గడ్డి తిన్నాడండీ బాబాయిగారూ?" అని అడిగింది ఝాన్సీ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. విజయకుమార్ గారు తల ఎత్తలేదు.

ఝాన్సీ బల్ల మీంచి ఇంకో ముక్క తీసింది. ఆడవాళ్లు వద్దు వద్దని కేకలు పెడుతున్నా వినకుండా, చిన్నాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ ముక్క మొత్తం తినిపించింది.

ఆయన పంపిన సరుకంతా ముందురోజే గొయ్యి తీసి పూడ్చేసి, డబ్బాలు వేడినీళ్లతో కడిగి, గింజ గింజా ఏరి వేయించి తన మిక్సీలో రుబ్బిన వేరుశనగ ముద్దనే ఝాన్సీ వాటిలో నింపి తెచ్చింది.