చెట్టుకు కట్టిన బండి

సుప్రియ మోటారు సైకిల్ తాళంచెవి కులపెద్ద చెంచయ్య గుప్పిట్లో ఉంది. కృష్ణపట్నం పోర్టులో పనిచేసి కొనుక్కున్న బండి. దాని మీద ఒంటరిగా హిమాలయాలు తిరిగొచ్చానంటే జాలర్ల పాళెంలో ఎవరూ నమ్మడం లేదు. వెంట మగాడున్నాడని తేలితే బండి అమ్మించేస్తారట.

"ఈ ఫోటో ఎవుడు తీసినాడు?" ఆమె ఫోన్‌లో, కొండల్లో బండి పక్కన ఆమె నిలబడ్డ ఫోటో చూపిస్తూ అడిగాడు చెంచయ్య.

"ఫోన్ రాయి మీద పెట్టి నేనే తీసుకున్నా మామా."

"కతలు చెప్పబాక!"

తల్లి నాగులమ్మ ఫోన్ లాక్కుని చూసింది. "అదేందే, బండిని చెట్టుకు కట్టేసినావు?"

"రాత్రి గాలి జాస్తిగా ఉండింది అమా. మన పడవను కట్టినట్టు తాడేసి కట్టి పడుకున్నా. పొద్దున కొండోళ్ళు చూసి ఒకటే నవ్వు."

ఇక్కడా అందరూ నవ్వారు. నాగులమ్మ చెంచయ్య వైపు తిరిగింది.

"పక్కన మగోడుంటే ఈ తిక్కపని చెయ్యనిస్తాడా అన్నా?"

"మనూరోడైతే?"

"మనూరోడైతే ఇంకో తాడు కూడా వేసుంటాడు!"

చెంచయ్యకూ నవ్వాగలేదు. తాళంచెవి సుప్రియ చేతిలో పెట్టాడు.

"సరేగానీ అమ్మే, అన్ని దినాలు ఆ కొండల్లో ఒక్కదానివే ఏం చేసినావు?"

సుప్రియ బండి స్టార్ట్ చేసింది.

"ఎవురికీ జవాబు చెప్పలేదు మామా."